లోపలి క్లిప్పులు: బ్రాకెట్ చోటు నోట్లో కాదు, ముందే తేలాలి

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. రాజమహేంద్రవరంలో జూనియర్ కాలేజీ లెక్చరర్ని. పై పళ్లు ఎత్తుగా ఉంటాయి. కింది ముందుపళ్లు ఇరుకై ఒకదాని మీదొకటి ఎక్కాయి. పళ్లు కరిచిపట్టినప్పుడు కింది పళ్లు పైవాటి వెనక పూర్తిగా దాక్కుంటాయి. చిన్నప్పుడు దెబ్బ తగిలి పై ముందుపంటి ఒకదానికి రూట్ కెనాల్ చేసి క్యాప్ వేశారు. పాఠం చెప్పేటప్పుడు కనబడకుండా లోపలివైపు క్లిప్పులు పెట్టించుకోవాలని ఉంది. ఒక డాక్టరుగారు పైన రెండు పళ్లు తీయాలన్నారు, స్కాన్ తీశాక, పంటికి అతికించి వైరు పట్టించే బ్రాకెట్లు రావడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగమన్నారు. ఇంకో చోట అదేమీ అక్కర్లేదు, వచ్చే వారమే నేరుగా అతికిస్తాం, ఖర్చూ సగమే అన్నారు. మా చెల్లికి బయటి క్లిప్పులు ఒక్క పూటలో పెట్టేశారు. నాకెందుకింత తతంగం? మాట తేడా వస్తుందా?

సమాధానం:

ఆగమన్న డాక్టరుగారి దగ్గరే చేయించుకోండి. మీరు తతంగం అంటున్న ఆ ఆరేడు వారాల పనే మీ వైద్యంలో సగం.

మీ చెల్లి పంటి ముందువైపు దాదాపు చదునుగా, కొద్ది వంపుతో ఉంటుంది. అందరికీ ఇంచుమించు అంతే. అందుకే సగటు పంటి లెక్కన తయారైన బ్రాకెట్‌ను డాక్టరు కంటితో చూసి పంటి నడుమ అతికించగలరు. కాస్త అటూఇటూ అయినా తర్వాత వైరు వంచి సర్దుకోవచ్చు. ఇప్పుడు మీ పై ముందుపంటి వెనక నాలుక కొనతో తడిమి చూడండి. అంచు దగ్గర గుంటలా ఉండి, చిగురు వైపు పోయేకొద్దీ ఉబ్బు తగులుతుంది. ఆ ఉబ్బు కొందరికి పెద్దది, కొందరికి పేరుకే. ఒకే మనిషి కుడి పంటికీ ఎడమ పంటికీ కూడా పోలిక ఉండదు. ఆ ఏటవాలు మీద బ్రాకెట్ అర మిల్లీమీటరు పైకో కిందికో జరిగిందనుకోండి. పంటి అంచు ఎత్తు మారుతుంది. వైరు కూర్చునే గాడి వాలు మారి పంటి వేరు లోపలికో బయటికో తిరుగుతుంది. దీన్నే టార్క్ అంటారు. పైగా పంటి మందం కింద ఒకలా, పైన ఒకలా ఉంటుంది కాబట్టి ఆ పన్ను పక్క పంటికంటే ముందుకో వెనక్కో వస్తుంది. ముందువైపు చిన్న పొరపాటుగా పోయేది వెనకవైపు మూడు తప్పులవుతుంది, ఆ మూడూ ఎదుటివాళ్లకు కనబడేది ముందు నుంచే.

ఈ వైద్యం తొలినాళ్లలో తగిలిన దెబ్బ కూడా ఇదే. 1970లలో అమెరికాలో క్రేవెన్ కర్జ్, జపాన్‌లో కిన్యా ఫుజిత విడివిడిగా లోపలి బ్రాకెట్ల మీద పనిచేశారు. కరాటే వంటి యుద్ధవిద్యలు నేర్చుకునేవాళ్ల పెదాలు బయటి బ్రాకెట్లకు తగిలి చీలకుండా చూడాలన్నది ఫుజిత ఆలోచన. 1979లో ఆయన తన పద్ధతిని ప్రకటించారు. పై నుంచి చూస్తే పుట్టగొడుగు ఆకారంలో ఉండే వైరు ఆయనదే. లోపలివైపు కోరపంటికీ దాని వెనక పంటికీ మందంలో చాలా తేడా ఉంటుంది కనుక అక్కడ వైరుకు మెట్టులాంటి వంపు తప్పదు. 1980లలో ఎందరో డాక్టర్లు ఉత్సాహంగా మొదలుపెట్టి, పళ్లను చివరిదాకా సరిగ్గా కుదర్చలేక వదిలేశారు. మళ్లీ నిలబెట్టింది ప్రయోగశాలలో బ్రాకెట్ చోటు ముందే నిర్ణయించి, బ్రాకెట్లను వాటి వాటి చోట పట్టి ఉంచే అచ్చులాంటి ట్రేలో తెచ్చి అతికించే పద్ధతి.

నేరుగా అతికించడం ఎప్పుడూ తప్పేనా అంటే కాదు. ముందుపళ్లు నాలుగైదు కొద్దిగా వంకర ఉండి, పళ్లు తీయనక్కర్లేనివాళ్లకు పల్చని లోపలి బ్రాకెట్లు నేరుగా పెడతారు. బాగానే పనిచేస్తాయి. అయితే అవి పన్నును తిప్పగలవు, వరసలోకి తేగలవు కానీ, వేరును అదుపు చేయలేవు. మీకు రెండు పళ్లు తీసి, ముందున్న ఆరింటినీ వెనక్కి లాగాలి. అక్కడ వేరు అదుపు లేకపోతే పళ్ల అంచులు మాత్రం లోపలికి వాలిపోతాయి, వేర్లు ఉన్నచోటే ఉండిపోతాయి. ఎత్తు పళ్లు పోయి, లోపలికి ముడుచుకున్న పళ్లు మిగులుతాయి. సగం ఖర్చుకు ఒప్పుకోవద్దని చెప్పడానికి ఇదే అసలు కారణం.

ఆరు వారాల్లో ఏం జరుగుతుందో చూద్దాం. ముందు కొలత. స్కానర్‌తోనైనా, సిలికాన్ అచ్చుతోనైనా తీయవచ్చు. సిలికాన్ అయితే గట్టి ముద్ద మీద పల్చటిది వేసి తీసే రెండు పొరల అచ్చు కావాలి. మామూలు కట్టుడుపళ్లకు వాడే ఆల్జినేట్ అచ్చు దీనికి చాలదు, గంటల్లోనే కుంచించుకుపోతుంది. స్కాన్‌లో ఎక్కువగా దెబ్బతినేది ఒకదాని మీదొకటి ఎక్కిన కింది ముందుపళ్ల వెనకభాగమే. మీకున్నదీ అదే. తెర మీద అక్కడ ఖాళీలు కనబడితే మళ్లీ తీయమని అడగడానికి మొహమాటపడకండి. కొలతకు పది, పదిహేను రోజుల ముందే పళ్లు క్లీనింగ్ చేయించుకుంటే చిగుళ్ల వాపు తగ్గి పంటి వెనకభాగం పూర్తిగా బయటపడుతుంది. పుచ్చుపళ్లకు ఫిల్లింగులు కూడా ముందే పూర్తి చేయించుకోవాలి. కొలత ఇచ్చాక పంటి వెనక కొత్త ఫిల్లింగ్ పడినా, క్యాప్ మారినా ఆ పంటి బ్రాకెట్ అడుగు ఇక సరిపోదు. తీయాల్సిన రెండు పళ్లు కూడా ఆ మధ్యలో ఎవరి దగ్గరా తీయించుకోకండి. ఖాళీలోకి పక్క పళ్లు జరగడం మొదలవుతుంది, ట్రే ఎక్కదు. చాలామంది డాక్టర్లు బ్రాకెట్లు అతికాకే పళ్లు తీయిస్తారు.

తర్వాతిది సెటప్. మీ పళ్ల నమూనాలో ఒక్కో పన్నును విడదీసి, వైద్యం అయ్యాక ఎలా ఉండాలో అలా పేరుస్తారు. ఇదివరకు ప్లాస్టర్ పళ్లను కోసి మైనంలో నిలబెట్టేవారు, ఇప్పుడు ఎక్కువగా కంప్యూటర్లో చేస్తున్నారు. పక్కనుంచి తీసిన తల ఎక్స్‌రే చూసి ముందుపళ్ల వాలు ఎంత ఉండాలో డాక్టరు రాసిస్తారు. ఆ ప్రకారం ల్యాబ్ పేరుస్తుంది. ఆ సరిచేసిన వరస వెనక నిండు సైజు వైరును ఆనించి, ప్రతి పంటికీ వైరుకూ మధ్య ఉన్న ఎడాన్ని నింపేలా బ్రాకెట్ అడుగు తయారుచేస్తారు. అంటే వైరు సాఫీగా ఉంటుంది, పంటి మిట్టపల్లాలన్నీ ఆ అడుగు భరిస్తుంది. జపాన్‌లో పుట్టిన హీరో పద్ధతి ఇదే: మామూలు బ్రాకెట్, ఫిల్లింగులకు వాడే కాంపోజిట్‌తో చేసిన అడుగు, ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. ఇన్‌కాగ్నిటో వంటి వాటిలో అడుగును కూడా ఒక్కో పంటికి విడిగా లోహంతో పోతపోసి, వైరును రోబోతో వంచుతారు. ఏ పద్ధతయినా సెటప్ తప్పయితే ఆ తప్పును అంతే నిక్కచ్చిగా మీ నోట్లోకి తెస్తుంది. అందుకని ల్యాబ్ పంపిన సెటప్‌ను డాక్టరుగారి పక్కన కూర్చుని చూసి గానీ సరే అనకండి.

అక్కడ మీ కంటికి తెలిసేవి కొన్ని ఉన్నాయి. పై నడుమ గీత ముక్కుకు, పెదవి మధ్యకు నేరుగా ఉందా? పై నాలుగు పళ్ల అంచులు మీరు నవ్వే తీరుకు తగ్గట్టున్నాయా? తీసిన పళ్ల ఖాళీలు పూర్తిగా మూసుకున్నాయా? కింది ఇరుకు ఎలా తీరుతుందో కూడా అడగండి. కింద పళ్లు తీయడం లేదు కనుక చోటు పళ్ల మధ్య ఎనామిల్ (పంటి గట్టి పైపొర) కాస్త అరగదీయడం వల్ల రావచ్చు, వరసను వెడల్పు చేయడం వల్ల రావచ్చు. అరగదీతలో రెండు పళ్లు ఆనే చోట మొత్తం 0.5 మి.మీ. దాకా మామూలే. కింది కోరపళ్ల మధ్య వెడల్పును పెంచి చోటు తెచ్చే సెటప్ మాత్రం తెర మీద అందంగా కనబడుతుంది, నోట్లో నిలవదు. క్లిప్పులు తీశాక మళ్లీ ఇరుకవుతాయి. ఇప్పటి వెడల్పెంత, సెటప్‌లో ఎంత అని అంకె అడగండి.

పళ్లు వెనక్కి లాగే వైద్యంలో పై ముందుపళ్లకు సెటప్‌లోనో వైరులోనో కావాలని కొన్ని డిగ్రీలు ఎక్కువ టార్క్ ఇస్తారు. చూడటానికి పళ్లు కాస్త ముందుకు వాలినట్టుంటాయి, కంగారుపడకండి. లోపలినుంచి లాగినప్పుడు ముందుపళ్లు లోపలికి పడిపోయే గుణం ఎక్కువ. పైగా గాడి 0.018 అంగుళాలది అయితే, ఖాళీ మూసేటప్పుడు వాడే 0.016 × 0.022 ఉక్కు వైరు అందులో కొన్ని డిగ్రీలు వదులుగా తిరుగుతుంది. ఆ నష్టాన్ని ముందే కట్టిపెడతారన్నమాట. అలా చేయకపోతేనో, లాగే బలం ఎక్కువైతేనో వరస విల్లులా వంగుతుంది. ముందుపళ్లు లోపలికి వాలి కిందికి దిగుతాయి, ఖాళీకి రెండువైపులా ఉన్న పళ్లు ఖాళీలోకి ఒరుగుతాయి, దవడపళ్లు మెలితిరుగుతాయి, వాటికీ కోరపళ్లకూ మధ్య ఉన్న పళ్లు బుగ్గవైపు ఉబ్బుతాయి. తర్వాత దీన్ని సరిదిద్దడానికి నెలలు పోతాయి. అందుకే బలం ఒక్కో వైపు 150 గ్రాముల చుట్టుపక్కలే ఉంచుతారు. వెనక దవడపళ్లు ముందుకు జరగకూడదంటే అంగిట్లో చిన్న స్క్రూ దింపి దాని ఆధారంతో లాగడమూ ఉంది. ఆరు పళ్లనూ ఒక్కసారే లాగుతారు. కోరపళ్లను ముందు లాగితే వాటి పక్కన సందు నవ్వినప్పుడల్లా కనిపిస్తుంది. కోరపంటి వెనక వైరుకున్న మెట్టు కూడా ఆ జారుడుకు అడ్డమే.

తీసిన పళ్ల చోట ఖాళీ కొన్ని నెలలు ఉంటుంది. క్లాసులో నిలబడేవాళ్లకు అదొక ఇబ్బంది. పంటి రంగు ముక్కను వైరుకు కట్టి, ఖాళీ తగ్గేకొద్దీ దాన్ని అరగదీస్తూ పోవచ్చు. చాలామందికి ఈ సంగతి తెలియక అడగరు. మీరు అడగండి.

ఇక మీ కరిచే తీరు. కింది పళ్లు పైవాటి వెనక దాక్కుంటాయన్నారు. అంటే అవి కరిచేది సరిగ్గా పై బ్రాకెట్ రావాల్సిన చోటే. ఏ ఏర్పాటూ లేకుండా అతికిస్తే మొదటి ముద్దకే ఊడతాయి. దీనికి వెనక దవడపళ్ల మీద నీలం రంగు సిమెంటుతోనో కాంపోజిట్‌తోనో చిన్న దిమ్మెలు కడతారు. నోరు మూసినా ముందు కాస్త ఎడం ఉంటుంది. మొదటి కొన్ని వారాలు నమలడం నిజంగా కష్టమే. మెత్తగా కలిపిన అన్నం, ఇడ్లీ, ఉప్మాతో గడపాల్సి ఉంటుంది. కింది పళ్లు కిందికి దిగేకొద్దీ దిమ్మెల్ని అరగదీస్తారు. ముఖం పొడవుగా ఉండి పెదాలు కలవనివాళ్లకు ఇలా నోరు తెరిచిపెట్టడం కీడు చేస్తుంది, పొట్టి ముఖానికి మేలు. మీరు ఏ కోవలోకి వస్తారో తల ఎక్స్‌రే చెబుతుంది.

క్యాప్ సంగతి మరీ ముఖ్యం. లోపల లోహం, పైన పింగాణీ ఉన్న క్యాపుల్లో చాలావాటికి వెనకవైపు ఒట్టి లోహమే ఉంటుంది. చిన్న అద్దంలో చూసుకుంటే బూడిదరంగుగా కనబడుతుంది. లోహానికి ఇసుక చిమ్మి గరుకు చేసి లోహపు ప్రైమర్ (జిగురు పట్టేలా ముందుగా పూసే ద్రవం) రాయాలి. పింగాణీకి హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం, ఆపైన సైలేన్ అనే ద్రవం. జిర్కోనియా అయితే ఆ ఆమ్లం పనిచేయదు, దాని ప్రైమర్ వేరే ఉంది. ఏ క్యాపో తెలియకుండా మామూలు పంటిలా అతికిస్తే ఆ బ్రాకెట్ నిలవదు. పాత రసీదో, చేసినవాళ్ల రికార్డో దొరికితే కొలతకు ముందే చూపించండి. క్యాప్ ఎలాగూ మార్చాల్సిందే అయితే కొలతకు ముందు తాత్కాలికపు క్యాప్ వేసి, వైద్యం పూర్తయ్యాక అసలుది వేయించుకోవడం మంచి దారి. రూట్ కెనాల్ అయిన పన్ను కూడా సాధారణంగా మిగతావాటిలాగే కదులుతుంది.

అతికించే రోజు ఒకటిన్నర నుంచి రెండు గంటలు కూర్చోవాలి. ముందు ఖాళీ ట్రే పెట్టి పూర్తిగా దిగుతోందో లేదో చూస్తారు. పళ్ల వెనక తోమి, 50 మైక్రాన్ల అల్యూమినా పొడి చిమ్మి, 37 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లం 30 సెకన్లు ఉంచి కడిగి ఆరబెడితే ఎనామిల్ సుద్దముక్కలా తెల్లగా కనబడాలి. అక్కడినుంచి ఉమ్మి చుక్క తగలకూడదు. నాలుకను పక్కకు పెట్టే పరికరం, సక్షన్ అందుకే. ఆపైన ప్రైమర్, జిగురు, ట్రే. ట్రే పూర్తిగా దిగకపోతే అందులోని బ్రాకెట్లన్నీ ఒక్క మొత్తాన తప్పుచోట అతుక్కుంటాయి. మీలా కింద ఇరుకుగా ఉంటే ట్రేను రెండు మూడు ముక్కలు చేసి పెట్టడం మేలు. బాగా తిరిగిపోయిన పంటికి మొదట బ్రాకెట్ పెట్టకుండా, చోటు వచ్చాక పెట్టడమూ ఉంటుంది. చిగురు అంచున మిగిలిన జిగురును గీకి తీయకపోతే వారంలో అక్కడ వాపు, నెత్తురు. ఇంటికొచ్చాక నాలుకకు గరుకు తగిలితే ఫోన్ చేయండి, అది ఓర్చుకోవాల్సింది కాదు.

మొదటి వైరు 0.012 లేదా 0.014 అంగుళాల నికెల్ టైటానియం. లోపలి వంపు చిన్నది కాబట్టి బ్రాకెట్ల మధ్య ఎడం తక్కువ. ఎడం 6 మి.మీ. ఉన్నచోట 4 అయితే అదే వైరు మూడు రెట్లకు పైగా బిరుసెక్కుతుంది. మీ చెల్లికి వేసిన లావు వైరు మీకు వేయరు, తొందరపెట్టకండి. పళ్లు తీసే వైద్యానికి మొత్తం రెండు నుంచి రెండున్నరేళ్లు అనుకోండి.

మాట తేడా వస్తుంది. ఎంత అంటే, మన వర్ణమాల దంత్యాలని పేరు పెట్టిన అక్షరాలు పలకడానికి నాలుక తాకేది ఇప్పుడు బ్రాకెట్లున్న చోటునే. త, థ, ద, ధ, న, స, ల, ఇంకా 'చాలా', 'జడ'లో పలికే చ, జ మొదట తడబడతాయి. ట, డ, ణ, ళ నాలుక మడిచి పైన పలికేవి కాబట్టి అంతగా చెడవు. చాలామందికి రెండు నుంచి నాలుగు వారాల్లో సర్దుకుంటుంది. పై బ్రాకెట్లు వేసవి సెలవులు మొదలవగానే పెట్టించుకోండి. మీ కరిచే తీరుకు కింది వరస ముందు మొదలుపెట్టడమే మేలని డాక్టరు అనవచ్చు, అప్పుడు మాట మీద పడే బరువు కూడా రెండు విడతలవుతుంది. రోజూ పావుగంట పేపరు గట్టిగా, నెమ్మదిగా చదవండి. నాలుక కోసుకున్నచోట మైనం అద్ది, గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పుతో పుక్కిలించండి. బ్రష్‌ను పళ్ల వెనకకు నిలువుగా తిప్పి తోమాలి, సందుల బ్రష్ తప్పనిసరి. వారానికోసారి చిన్న అద్దంతో వెనకవైపు చూసుకోండి. కనబడని చోట పాచి పేరుకున్నా తెలియదు. జంతికలు, చెరకు, ఆవకాయ టెంక ముక్క క్లిప్పులు తీసేదాకా మానేయాలి. కూరల్లోని పసుపు, వైరును పట్టి ఉంచే రబ్బరు ముడులకు అంటుతుంది, అదేం దోషం కాదు.

బ్రాకెట్ ఊడితే పారేయకండి. దాని అడుగు మీ ఆ ఒక్క పంటికే చేసింది, దుకాణంలో దొరికేది కాదు. చిన్న డబ్బాలో పెట్టి వారంలోపు చూపించండి. దాన్ని మళ్లీ కంటి అంచనాతో అంటిస్తే ఇన్ని వారాలు పడి నిర్ణయించిన చోటు పోయినట్టే. పాత జిగురును అడుగు గీతలు పోకుండా పొడి చిమ్మి తీసి, ఆ పంటి విడి ట్రేతోనే అతికించాలి. అందుకని మొదటిరోజే రెండు మాటలు అడిగి పెట్టుకోండి: మీ నమూనా, ట్రేలు వైద్యం పూర్తయ్యేదాకా క్లినిక్‌లో దాస్తారా, ఒక్కో పంటికి విడి ట్రే ల్యాబ్ నుంచి వస్తుందా అని. బ్రాకెట్ మింగేసినా అదే డిజైన్‌తో ఒక్కటి మళ్లీ తెప్పించవచ్చు, మూడు నాలుగు వారాలు పట్టొచ్చు. ఈలోగా ఆ పన్ను జరగకుండా వైరుకు కట్టించుకోండి.